ప్రాక్టీసు మేస్ ఇంట్లోనే చేసుకో, తల్లీ

ప్రశ్న: సార్, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఆగస్టు 15కి మా స్కూలు బ్యాండుకు ముందు నడిచే డ్రమ్ మేజర్‌గా ఈసారి నన్ను తీసుకున్నారు. స్కూల్లో మేస్, అంటే డ్రమ్ మేజర్ చేతిలో పట్టుకుని తిప్పే లోహపు తల కర్ర, ఒక్కటే ఉంది. దాన్ని హెడ్మాస్టర్ రూములో బీరువాలో పెట్టి తాళం వేస్తారు. గేమ్స్ పీరియడ్‌లో చేతికిస్తారు గానీ, అందులో సగం సేపు లైన్లు సరిచేయడానికే పోతుంది. ఇంట్లో మాప్ కర్రతో తిప్పితే బాగానే వస్తోంది. అసలుది పట్టుకోగానే మణికట్టు తిరగదు, రెండుసార్లు కింద పడేశాను కూడా. చీపురు కర్ర తీసుకుంటే, దీపాలు పెట్టే వేళ చీపురు తిప్పుతావా అని అమ్మ కేకలేసింది. ఆన్‌లైన్‌లో కొనమని నాన్నను అడగలేను. ఇంట్లో ఉన్న వాటితో, తక్కువ ఖర్చులో ప్రాక్టీసు మేస్ చేసుకోవచ్చా? ఆడపిల్లకు ఈ కర్ర తిప్పుడు ఎందుకని మా పెద్దమ్మ అంటోంది. దానికీ ఒక మాట చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చేసుకోవచ్చు తల్లీ, హాయిగా చేసుకోవచ్చు. కొనాల్సిన అవసరమే లేదు. ఖర్చంతా కలిపినా రెండు మూడు వందలు దాటదు. పాత సామాను ఇంట్లో దొరికితే అది కూడా కాదు. స్కూలు బ్యాండు పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి కాబట్టి నీ ఉత్తరంలో నాకు ముందు కనబడింది ఒక్కటే మాట: మాప్ కర్రతో వస్తోంది, అసలుదానితో రావడం లేదు. ఆ తేడా ఎందుకు వస్తోందో తెలిస్తే నీకు కావలసిన మేస్ ఎలా ఉండాలో దానంతట అదే తెలుస్తుంది.

మాప్ కర్రకు పైనా కిందా ఒకటే బరువు. ఎక్కడ పట్టుకున్నా మధ్యలోనే తూగుతుంది. మేస్ అలా కాదు. పైన లోహపు తల ఉంటుంది, కింద మొనకు లోహపు తొడుగు ఉంటుంది, మధ్యలో తేలికైన కర్ర. బరువంతా రెండు కొసల్లో ఉంది, అందులోనూ ఎక్కువ భాగం తల వైపే. దాన్ని తిప్పడం మొదలుపెట్టడానికి మణికట్టుకు ఎక్కువ బలం కావాలి. ఒకసారి తిరగడం మొదలయ్యాక అంత తొందరగా ఆగదు. మాప్ కర్రకు అలవాటుపడ్డ చెయ్యి ఈ రెండు చోట్లా దెబ్బతింటుంది. మొదట్లో చాలినంత తోయదు, చివర్లో చాలినంత ముందుగా ఆపదు. నువ్వు కింద పడేసింది కూడా ఆపే దగ్గరే అయి ఉంటుంది, గుర్తు చేసుకుని చూడు. నీ చేతిలో లోపమేమీ లేదు. ఇంట్లో నువ్వు నేర్చుకున్నది వేరే వస్తువును తిప్పడం.

అందుకే ప్రాక్టీసు మేస్ చూడటానికి అసలుదానిలా ఉండాల్సిన పని లేదు. బంగారు రంగు, సింహం బొమ్మ, చైను, ఇవేవీ అక్కర్లేదు. పొడవు, బరువు, తూగే చోటు, ఈ మూడూ కలిస్తే చాలు. తిరుమలకు వెళ్లే దారిలో బొమ్మల అంగళ్లలో ప్లాస్టిక్ గదలు వేలాడదీసి ఉంటాయి కదా, అది కొనుక్కుంటే సరిపోతుందనే ఆలోచన నీకు వచ్చి ఉంటే మానుకో. లోపలంతా గాలే, మాప్ కర్రకన్నా అన్యాయం.

రేపు గేమ్స్ పీరియడ్‌లో మీ పీఈటీ సార్‌ను అడిగి అసలు మేస్‌ను కొలుచుకో. విషయం చెప్తే కాదనరు, పైగా సంతోషిస్తారు. టేపుతో కొసనుంచి కొసదాకా పొడవు చూడు. తర్వాత కుర్చీ వీపు మీద అడ్డంగా పెట్టి, అటూ ఇటూ జరుపుతూ అది ఎక్కడ నిలకడగా తూగుతుందో చూడు. ఆ చోటు కింది మొననుంచి ఎన్ని సెంటీమీటర్లో రాసుకో. దీన్ని బ్యాలెన్స్ పాయింటు అందాం. ఇక బరువు. స్కూలు దగ్గర ఏ కిరాణా అంగట్లోనో కూరగాయల అంగట్లోనో ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది. దాని మీద నిలబెట్టి ఒక్క క్షణం చూస్తే చాలు. మేస్ బయటికి తీసుకెళ్లనివ్వకపోతే, సార్‌తో చెప్పి కాటానే స్కూలుకు తెప్పించండి. మధ్యాహ్న భోజనం వండే చోట కాటా ఉందేమో కూడా అడుగు. తల ఎంత పొడవుంది, తలకింద చైనో దారమో ఎక్కడిదాకా చుట్టి ఉంది అనేది కూడా చూసి పెట్టుకో, చెయ్యి జారించేటప్పుడు అది తగులుతుంది.

మీ స్కూలు మేస్ కొలతలు నువ్వు రాయలేదు కాబట్టి లెక్క చూపించడానికి కొన్ని అంకెలు అనుకుందాం. పొడవు 120 సెంటీమీటర్లు, బరువు 900 గ్రాములు, బ్యాలెన్స్ పాయింటు కింది మొననుంచి 80 సెంటీమీటర్లు. నీ అంకెలు వేరుగా ఉంటే అవే పెట్టుకో, పద్ధతి మాత్రం ఇదే.

కర్రకు కరెంటు వైరింగు వేసే పీవీసీ పైపు తీసుకో, 25 మిల్లీమీటర్లది. మీ వీధిలో ఎక్కడైనా ఇల్లు కడుతుంటే ఎలక్ట్రీషియన్ దగ్గర ముక్క మిగిలే ఉంటుంది. అంగట్లో కొంటే పలచనిది కాకుండా మందంగా ఉన్నది అడుగు. పలచనిది తల బరువుకు విల్లులా వంగుతుంది, తిప్పేటప్పుడు ఊగిసలాడుతుంది. వెదురు కర్ర బాగుండదా అని అడగొచ్చు. బాగానే ఉంటుంది, కాకపోతే కణుపులు చేతికి తగులుతాయి, ఒకవైపు లావు ఒకవైపు సన్నం ఉంటుంది, పేడు లేస్తే వేలికి దిగుతుంది. నీ వయసు పిల్లకు పైపే మంచిది. మాప్ కర్ర ఒకే రాడ్డయితే దాన్నీ వాడొచ్చు. రెండు ముక్కలు మరతో బిగించేది అయితే వద్దు, తిప్పేటప్పుడు ఆ అతుకు దగ్గర ఊడి తల ఎవరిమీదో పడుతుంది.

పైపును హ్యాక్సా బ్లేడుతో 120కి కోసి, రెండు కొసలూ గరుకు కాగితంతో రుద్దు. కోయడం నాన్నతోనో అన్నతోనో చేయించు. కోసిన పైపును కాటా మీద పెడితే సుమారు 200 గ్రాములు తూగిందనుకో. అంటే ఇంకా 700 గ్రాములు కలపాలి. ఆ 700లో తలకెంత, తోకకెంత? ఎత్తుపల్లం బల్ల మీద పిల్లలు కూర్చునే లెక్కే ఇది. ప్రతి బరువునూ కింది మొననుంచి దాని దూరంతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం బరువుతో భాగిస్తే బ్యాలెన్స్ పాయింటు వస్తుంది. పైపు 200 గ్రాములు దాని మధ్యలో, అంటే 60 దగ్గర. తల బరువు 113 లేదా 114 దగ్గర, తోక బరువు 5 దగ్గర అనుకో. తలకు 520, తోకకు 180 పెట్టి గుణించి చూడు, 80కి వెంట్రుకవాసి తేడాతో వస్తుంది. లెక్క కుదరకపోతే కంగారు పడకు, మీ లెక్కల టీచర్‌ను అడుగు. చివరికి ఎలాగూ కుర్చీ వీపు మీద పెట్టి సరిచేస్తావు.

తల చేయడమే అసలు పని. ఇక్కడ తొందరపడొద్దు.

చాలామంది ఒక రబ్బరు బంతికి బెజ్జం చేసి, ఇసుక నింపి, పైపుకు తగిలించి టేపు చుట్టేస్తారు. టెన్నిస్ బంతిలో ఇసుక కూరితే అంతా కలిపి 200 గ్రాములకు దగ్గరగా ఆగిపోతుంది, నీకు కావలసిన దాంట్లో సగం కూడా కాదు. పైగా నాలుగు రోజులకు బెజ్జం చిరిగి ఇసుక కళ్లలో పడుతుంది. పెద్ద బంతి తీసుకుని సిమెంటు పోస్తారు కొందరు. స్కూలు పిల్లలెవరూ ఆ పని చేయొద్దు. అంత గట్టి బరువు గాల్లోకి విసిరేది ఎవరి తలమీద పడినా ప్రమాదమే. ప్రాక్టీసు మేస్ తల బరువుగా ఉండాలి, కానీ మెత్తగా ఉండాలి. ఈ రెండూ కలిసి కావాలంటే గుడ్డ సంచిలో ఇసుకే మార్గం.

ఒక పాత జీన్స్ ప్యాంటు కాలు తీసుకో. అమ్మ దగ్గర కుట్టు మిషను ఉంటే సరే, లేకపోతే వీధిలో టైలర్ అయిదు నిమిషాల్లో చేసిస్తాడు. గుడ్డను రెండు పొరలుగా మడిచి, అడ్డంగా 24, నిలువుగా 12 సెంటీమీటర్లు ఉండేట్టు కత్తిరించు, చుట్టూ కుట్టుకు అంగుళం వదులు. కింద, పక్కల కుట్టేసి, పైన మూతి తెరిచి ఉంచు. ఇప్పుడు నాలుగేసి సెంటీమీటర్లకు ఒక నిలువు కుట్టు వేస్తూ పోతే ఆరు సన్నని అరలు వస్తాయి. ఇసుకను ఎండలో ఒక పూట ఆరబెట్టి జల్లెడ పట్టు. తడి ఇసుక ఆరేకొద్దీ బరువు తగ్గిపోతుంది, నీ లెక్కంతా తప్పుతుంది. ఒక్కో అరలోకి 70 గ్రాములు. కాటా మీద కాగితం పొట్లంలో తూచి, కాగితాన్నే గరాటులా చుట్టి పోయాలి. సన్న ఇసుక జీన్స్ కుట్ల లోంచి కారుతుందనుకుంటే ముందు చిన్న పాలిథిన్ కవర్లలో పోసి, ఆ కవర్లు అరల్లోకి దించు. మూతి రెండుసార్లు కుట్టాలి. ఆరు అరలు ఒక్కో దాంట్లో 70 చొప్పున 420 గ్రాములయ్యాయి. గుడ్డ, పైన చుట్టే రబ్బరు, స్పాంజి కలిపి మిగతా 100 వస్తాయి. అన్నీ ఒకేసారి కాటా మీద పెట్టి చూసుకో, ఎక్కువ తక్కువలు ఇసుకలోనే సర్దుకో.

ఆరు అరలే ఎందుకంటే, నిండిన అర ఒక్కోటి బొటనవేలికన్నా కాస్త లావుగా, దాదాపు పైపంత గుండ్రంగా అవుతుంది. పైపు చుట్టూ అలాంటివి ఆరు సరిగ్గా అమరుతాయి. 24 సెంటీమీటర్ల గుడ్డ ఇసుక నిండాక దగ్గరికి ముడుచుకుని పైపును ఒక చుట్టు చుట్టి రెండు అంచులూ కలుస్తాయి. ఆ అంచులను పెద్ద సూదితో కలిపి కుట్టేయ్. ఇలా చేస్తే బరువు పైపు చుట్టూ సమానంగా ఉంటుంది. ఒకే సంచిలో ఇసుకంతా పోసి పక్కన కట్టావనుకో, తిప్పిన ప్రతిసారీ ఆ వైపుకు లాగుతుంది, మేస్ వంకరగా తిరుగుతుంది.

సంచిని కట్టడానికి తాడు పనికిరాదు, జారుతుంది. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగితే ఊరికే ఇస్తారు. దాన్ని పొడవుగా వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, బాగా సాగదీస్తూ చుట్టాలి. సంచి పెట్టే చోట పైపు మీద ముందు ఒక పొర ట్యూబు చుట్టు, అప్పుడు సంచి జారదు. సంచి పైన మళ్లీ ట్యూబు, కింద నుంచి పైకి, పైనుంచి కిందికి. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. పైపు పైకొస ఎక్కడా బయటికి కనిపించకూడదు. దాని మీద పాత హవాయి చెప్పు ముక్కను గుండ్రంగా కోసి మూతలా పెట్టి, ఆపైన పరుపు స్పాంజి, చివర కరెంటు టేపు చుట్టేస్తే తల తయారు. గట్టిగా పట్టుకుని లాగి చూడు. మీ నాన్నను కూడా లాగమను. ఆయన బలానికి కదలకపోతే నీ తిప్పుడుకు కదలదు.

తోక తేలిక. 180 గ్రాముల మేకులో, పాత నట్లు బోల్టులో ఒక గుడ్డముక్కలో బిగుతుగా చుట్టి పైపు కింది కొసలోకి దూర్చు. లోపల గలగలమనకుండా గుడ్డతో కూరాలి. ఇప్పుడే శాశ్వతంగా మూయొద్దు, పైన టేపు మాత్రం వెయ్యి. కుర్చీ వీపు మీద పెట్టి చూడు. తల వైపు వాలితే ఇంకో రెండు మేకులు, తోక వైపు వాలితే ఒకటి తీసెయ్. మనం అనుకున్న కొలతల్లో తోకకు 20 గ్రాములు కలిపితే బ్యాలెన్స్ పాయింటు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ అంచనాతో సర్దుకుంటూ పో. సరిగ్గా కుదిరాక ఎం-సీల్‌తో మూసి, ఒక రాత్రి ఆరనిచ్చి, మొన మీద ట్యూబు ముక్క చుట్టేయ్. నేలకు తగిలినా టైల్స్ పగలవు.

బరువు కోసం పైపు నిండా ఇసుక పోసేద్దామని అనిపిస్తుంది, పని తొందరగా అవుతుంది కదా అని. పొయ్యకు. బరువు మధ్యలోకి వచ్చేస్తే కాటా మీద 900 చూపించినా చేతిలో మేస్‌లా తిరగదు. నిండీ నిండకుండా ఉంటే ఇంకా చెరుపు. తిప్పేటప్పుడు ఇసుక అటూ ఇటూ పరుగెత్తి బ్యాలెన్స్ పాయింటు ఒక్కో క్షణం ఒక్కో చోట ఉంటుంది.

ఇక ఒక పరీక్ష. రెండు కుర్చీల వీపుల మీద పైపును అడ్డంగా పెట్టి, తల బయటికి వేలాడేట్టు చూసి, తోకను ఎవరినైనా మెల్లగా కింద పడకుండా ఆపమని, దొర్లించి వదిలెయ్. తల మీద సుద్దతో ఒక గుర్తు పెట్టుకో. ప్రతిసారీ అదే వైపు కిందికి వచ్చి ఆగుతోందంటే ఆ వైపు బరువెక్కువ. దానికి ఎదురు వైపు టేపు కింద ఒక మేకో, ఇంకాస్త ట్యూబు ముక్కో పెట్టి మళ్లీ దొర్లించు. ఎక్కడంటే అక్కడ ఆగితే నీ మేస్ సిద్ధం. బ్యాలెన్స్ పాయింటు దగ్గర ఎర్ర టేపు ఒక చుట్టు వేసుకో. అసలు మేస్ మీద చైను చుట్టి ఉన్నంత మేర దీని మీద నాడా దారం చుట్టి అతికించు. మిగతా పైపు అలాగే నున్నగా ఉండనీ.

అసలుదానికన్నా బరువైనదానితో చేస్తే, పరేడ్ రోజు అసలుది దూదిలా తిరుగుతుందని నీకెవరైనా చెప్పొచ్చు. నేను ఒప్పుకోను. డ్రమ్ మేజర్ పని బలం చూపించడం కాదు, సమయానికి సైగ ఇవ్వడం. డ్రమ్ములు, బ్యూగుళ్లు మోగుతుంటే నోటి మాట వెనక వరసకు వినబడదు. అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆపాలి అన్నీ మేస్ చెప్తుంది. ఐరోపా సైన్యాల నుంచి వచ్చిన ఈ పద్ధతిని మన సైన్యం, పోలీసు బ్యాండ్లు ఇప్పటికీ పాటిస్తున్నాయి. గణతంత్ర వేడుకల ముగింపుగా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో సైనిక బ్యాండ్లు వాయించే బీటింగ్ రిట్రీట్‌ను టీవీలో చూడు. డ్రమ్ మేజర్ చెయ్యి పైకి లేవగానే అంతమంది వాద్యగాళ్లు ఒక్కటిగా ఆగుతారు. బరువు తేడాగా ఉంటే చెయ్యి నేర్చుకున్న సమయం తేడా పడుతుంది, నీ వెనకున్న బ్యాండంతా తేడా పడుతుంది. మొదటి వారం చెయ్యి నొప్పిగా ఉంటే ఇసుక తక్కువ పోసి మొదలుపెట్టు. తర్వాత అసలు బరువుకు తెచ్చుకో. దాన్ని మించి వద్దు.

ప్రాక్టీసు ఎలా అంటే, మొదట తిప్పనే తిప్పకు. ఫోన్‌లో తాళం దెబ్బలు వినిపించే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని నిమిషానికి 120 దెబ్బలకు అమర్చు. బ్యాండు మార్చింగు మామూలుగా ఆ వేగానికి అటూ ఇటూగా ఉంటుంది. మీ సార్ పెట్టే వేగం అడిగి అదే పెట్టుకో. మేస్ పట్టుకుని ఆ దెబ్బలకు ఊరికే నడువు, నిలబడ్డ చోటే నడిచినా సరే. భుజం బిగుసుకోకుండా, మెడ వంగకుండా, మేస్ వైపు చూడకుండా. అది వచ్చాక సార్ నేర్పిన సైగలు ఒక్కోటి. ఏ సైగకు ఏ అర్థమో మీ స్కూల్లో చెప్పిందే నీకు ప్రమాణం, యూట్యూబ్ చూసి మార్చుకోకు. ఒక్కో బ్యాండుకు ఒక్కో అలవాటు ఉంటుంది. ఆ తర్వాతే మణికట్టుతో తిప్పడం. నాలుగు అడుగులకు ఒక చుట్టు, అంటే రెండు సెకన్లకు ఒకటి. అంత నెమ్మదిగా తిప్పడం వేగంగా తిప్పడంకన్నా కష్టం. నెమ్మదిగా వచ్చినవాళ్లకు వేగం దానంతట అదే వస్తుంది. ఆపడం విడిగా సాధన చెయ్యి. చుట్టు పూర్తయ్యేముందే వేళ్లు బిగించడం మొదలుపెట్టాలి. ఉదయం పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు చాలు. కండరం అలసిపోవడం మామూలే. బొటనవేలి వైపు మణికట్టులో సూదితో పొడిచినట్టు ఉంటే మాత్రం ఆపేసి అమ్మతో చెప్పు, రెండు రోజులు ముట్టుకోకు.

పైకి విసిరి పట్టుకోవడం గురించి నువ్వు అడగలేదు, కానీ మేస్ చేతికి వచ్చాక ఎవరూ ఆగరని నాకు తెలుసు. కాబట్టి ఇదీ విను. 120 వేగంలో రెండు అడుగులు వేసేలోపు మేస్ నీ చేతిలోకి తిరిగి రావాలంటే అది గాల్లో ఒక్క సెకను ఉంటే చాలు. ఒక్క సెకను ఉండాలంటే చేతినుంచి దాదాపు 1.2 మీటర్లు పైకి లేస్తే సరిపోతుంది, అంతే. అదే నాలుగు అడుగులంటే రెండు సెకన్లు, అప్పుడు అయిదు మీటర్లకు దగ్గరగా వెళ్లాలి. అంటే సమయం రెట్టింపు అయితే ఎత్తు నాలుగు రెట్లు. పిల్లలు ఆకాశానికి విసిరి, పడేలోపు తాళం తప్పి నిలబడిపోయేది ఇందుకే. ఈ ఆగస్టుకు నీకు రెండడుగుల విసురు చాలు, అదీ సార్ ఒప్పుకుంటేనే.

విసరడం మిద్దె మీద మాత్రం వద్దు. కొర్లగుంట ఇళ్ల సంగతి నాకు తెలుసు, మిద్దెకు మిద్దె ఆనుకుని ఉంటుంది, కరెంటు తీగలు చేతికందేంత దూరంలో పోతుంటాయి. మేస్ పిట్టగోడ దాటి వీధిలో పోయేవాళ్ల మీద పడిందంటే ఎంత మెత్తటి తలైనా లాభం లేదు. మిద్దె మీద నడక, సైగలు, నెమ్మది తిప్పుడు చేసుకో. కింద అద్దెకుండేవాళ్లుంటే కాళ్లకింద గోనె సంచులు పరుచుకో. విసరడానికి తెల్లవారే ఎస్వీ యూనివర్సిటీ మైదానానికో, మీకు దగ్గరున్న స్కూలు మైదానానికో నాన్నతో వెళ్లు. నీ చుట్టూ మేస్ పొడవుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు, వాకింగుకు వచ్చేవాళ్లను చూసుకో. ప్రాక్టీసుకు ముందు తలకు చుట్టిన ట్యూబు ఎక్కడైనా చిట్లిందేమో రోజూ వేలితో తడిమి చూడు. ఇంకొకటి, పైపును మిద్దె మీద ఎండలో గోడకు ఆనించి వదిలేసి రాకు. మన తిరుపతి ఎండకు పీవీసీ మెత్తబడి తల బరువుకు వంగిపోతుంది, ఒకసారి వంగితే మళ్లీ సాఫీగా రాదు. ఇంట్లో మేస్ తల కిందికి ఉండేట్టు, నిటారుగా ఒక మూల నిలబెట్టు.

పెద్దమ్మ మాటకు వస్తాను. ఆమె కోపంతో అనలేదు, తనకు తెలియక అంది. గణతంత్ర దినం సందర్భంగా జరిగే జాతీయ స్కూల్ బ్యాండు పోటీల్లో అమ్మాయిల బ్యాండ్లకు విడిగా విభాగాలున్నాయని చెప్పు. 2024లో ఢిల్లీలో గణతంత్ర కవాతు మొదలైందే శంఖం, నాదస్వరం, నగారా వాయిస్తూ నడిచిన వందమంది మహిళా కళాకారులతో. ఇదంతా చెప్పడంకన్నా మంచి పని ఇంకోటి ఉంది. సంచి మూతి కుట్టేటప్పుడు పెద్దమ్మను సాయం అడుగు. చేతికుట్టు గట్టిగా వేసేది ఆ తరం వాళ్లే. ఆగస్టు 15 ఉదయం మైదానంలో ముందు వరసలో కూర్చోబెట్టు.

ఇంట్లో ప్రాక్టీసు చేసేటప్పుడు పరేడ్ రోజు వేసుకునే తెల్ల గ్లౌజులే వేసుకో. వట్టి చేతికి పైపు అతుక్కుంటుంది, గుడ్డ గ్లౌజులో జారుతుంది, ఆ తేడా చివరి రోజు తెలిస్తే భయం వేస్తుంది. పరేడ్‌కు వారం ముందునుంచి గేమ్స్ పీరియడ్ మొత్తం అసలు మేస్ నీ చేతిలోనే ఉండేట్టు సార్‌ను అడుగు, లైన్లు సరిచేసే పని ఇంకెవరికైనా అప్పగించమని చెప్పు. అప్పటికి రెండింటిలో ఏదైనా తేడా తగిలితే, తోకలో మేకులు సర్దుకునేది ఇంట్లోదానికే. ఎం-సీల్ గట్టిపడి మేకులు తీయడం కుదరకపోతే పైనే ట్యూబు చుట్టి బరువు పెంచు. మీ స్కూలు మేస్ కొలతలు మూడూ రాసి పంపు, తలకెంత తోకకెంత అనే లెక్క నేనే వేసి పంపుతాను.